మాట, దాని సావాసం: ‘రన్’ అనే ఇంగ్లీషు క్రియ చెప్పే సంగతులు

నిఘంటు రచనకు జీవితాలు ధారపోసిన పెద్దలను తలుచుకునే వేదిక ఇది. ఇక్కడ ఒకే ఒక్క మాట గురించి, అందులోనూ మన భాషది కాని మాట గురించి మాట్లాడటం ఉచితమేనా అన్న సందేహం కొందరికి కలగవచ్చు. సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరులో కన్నుమూశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, నేడు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుగా మనకు తెలిసిన గ్రంథం మొదటి సంచిక వెలువడింది. తెలుగు మాటలను సామాన్యుల నోటి నుంచి కూడా ఏరి నిఘంటువుకు ఎక్కించిన మనిషి వెళ్లిపోయిన ఏడే, ఇంగ్లీషులో ప్రతి మాట చరిత్రనూ ఉదాహరణలతో సహా నమోదు చేయాలన్న పని అచ్చులోకి వచ్చింది. ఆ పనిలో తేలిన ఒక్క విషయాన్ని పట్టుకుని మన భాష దాకా రావడం బ్రౌన్ వారసులమైన మనకు తగిన పనే అనుకుంటాను.

ఆ విషయం ఇది. 2011లో ఆక్స్‌ఫర్డ్ సంపాదకులు ‘రన్’ అనే క్రియకు 645 అర్థాలు లెక్క తేలాయని ప్రకటించారు. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క క్రియ మీద సుమారు తొమ్మిది నెలలు పనిచేశారు. మన బడిపిల్లలు మొదటి తరగతుల్లోనే ‘రన్ అంటే పరుగెత్తు’ అని నేర్చుకునే మాట అది. మూడు అక్షరాల మాటకు 645 అర్థాలేమిటని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కొందరు దాన్ని ఇంగ్లీషు గొప్పతనానికి గుర్తు అన్నారు, ఇంకొందరు ఆ భాషలోని గందరగోళానికి సాక్ష్యం అన్నారు. రెండు మాటలూ నాకు సరిగా తోచవు. అర్థాలు మాటలో దాచిపెట్టిన సరుకు కావు. మాట ఎవరితో కలిసి తిరుగుతుందో ఆ సావాసంలోంచి అర్థం పుడుతుంది. 645 అన్న అంకె ఆ సావాసాలను ఎంత ఓపికగా నమోదు చేశారో చెప్పే అంకె. మాట స్వభావం కంటే నమోదు చేసిన వారి శ్రమ గురించే అది ఎక్కువ చెబుతుంది. ఈ సంగతి ఒప్పుకుంటే ఇంగ్లీషు నేర్పే తీరులోనూ తెలుగు నిఘంటువుల నిర్మాణంలోనూ మనం మార్చుకోవలసినవి చాలా ఉన్నాయి.

ముందు అంకె సంగతి చూద్దాం. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ రెండో కూర్పు ఇరవై సంపుటాలది. అందులో అన్నిటికంటే పొడవైన ఆరోపం (ఒక మాట కింద ఇచ్చే వివరణ మొత్తం) ‘సెట్’ అనే క్రియది: సుమారు 430 అర్థాలు, 60,000 మాటల వివరణ. మూడో కూర్పు కోసం పాత ఆరోపాలను తిరగరాయడం మొదలయ్యాక 2000లో ‘మేక్’ ఆ స్థానానికి వచ్చింది. 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ వచ్చాయి. ‘రన్’ గెలుపుకు ఒక అందమైన కారణం చెప్పినవారున్నారు. ‘సెట్’, ‘పుట్’ కదలిక లేని మాటలనీ, యంత్రాలు, రైళ్లు, కంప్యూటర్లు వచ్చిన చలన యుగానికి ‘రన్’ తగిన మాట కాబట్టి అది ముందుకొచ్చిందనీ వారి వాదం. వినడానికి బాగుంది. అయితే ‘మేక్’, ‘పుట్’, ‘రన్’ అనే మూడు మాటల మొదటి అక్షరాలను వరుసగా పెట్టి చూడండి: ఎం, పి, ఆర్. సవరణ పని ఎం అక్షరంతో మొదలై చాలావరకు అక్షర క్రమంలోనే సాగింది. తిరగరాసినప్పుడల్లా కొత్త ఆధారాలు చేరి ఆరోపం పెరుగుతుంది. 2011 నాటికి ఆ క్రమం ఎస్ దాకా రానే లేదు, అంటే ‘రన్’ కొత్త కొలతతోనూ ‘సెట్’ పాత కొలతతోనూ పోటీ పడ్డాయి. పోటీ నిజంగా జరిగింది రెండు కూర్పుల మధ్య. యంత్రయుగం ‘రన్’కు కొత్త ప్రయోగాలు ఇచ్చిందన్నది నిజమే, దానికి ఇంకాసేపట్లో వస్తాను. మొదటి స్థానం రావడానికి మాత్రం అది కారణమని చెప్పలేం.

ఇంగ్లీషు నిఘంటుకారులకు ఈ చిన్న క్రియలు మొదటి నుంచీ కొరకరాని కొయ్యలే. 1755లో నిఘంటువు ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికలో ఈ సంగతి ప్రత్యేకంగా రాశాడు. అర్థం పలచబడి, ఎటుపడితే అటు సాగే క్రియలు తన పనిని ఎంత భారం చేశాయో చెబుతూ కొన్నిటి పేర్లు వరుసగా ఇచ్చాడు. ‘గెట్’, ‘గివ్’, ‘పుట్’, ‘సెట్’, ‘గో’, ‘టేక్’ వంటివాటితో పాటు ‘రన్’ కూడా ఆ వరుసలో ఉంది. ‘టేక్’ ఒక్కదానికే ఆయన 134 అర్థాలు ఇచ్చాడు. ఈ జాబితాను గమనిస్తే ఒకటి తెలుస్తుంది. అర్థాలు గుట్టలుగా పేరుకునేది అరుదైన మాటలకు కాదు, పొద్దున లేస్తే నోట్లో నానే మాటలకు. హార్వర్డ్‌లో పనిచేసిన జార్జ్ జిఫ్ 1945లో దీన్ని లెక్క కట్టి చూపాడు. మాట వాడుక పెరిగేకొద్దీ దాని అర్థాల సంఖ్య ఆ వాడుకకు వర్గమూలం చొప్పున పెరుగుతుందని ఆయన తేల్చాడు. స్థూలంగా చెప్పాలంటే, నూరు రెట్లు ఎక్కువగా వాడే మాటకు పది రెట్లు ఎక్కువ అర్థాలుంటాయి. ఇది ఇంగ్లీషుకు మాత్రమే పట్టిన గుణమని అనుకోవడానికి ఆధారం లేదు.

ఇంకో ప్రయోగం నుంచీ ఇదే తేలుతుంది. 1930లో సి.కె. ఆగ్డెన్ ‘బేసిక్ ఇంగ్లీష్’ పేరుతో 850 మాటల చిన్న భాషను తయారుచేశాడు. ప్రపంచంలో ఎవరైనా తేలిగ్గా నేర్చుకోవాలన్నది ఆయన ఆశ. క్రియలను 18కి కుదించాడు. అయితే మనుషులు చెప్పుకోవలసిన పనులు 18కి కుదరవు గదా! కాబట్టి సహించడం, వాయిదా వేయడం, ఆర్పడం లాంటివన్నీ ‘పుట్’ వంటి ఒక చిన్న క్రియ పక్కన ఒకటి రెండు పొడిమాటలు చేర్చి చెప్పవలసి వచ్చింది. మాటల సంఖ్య తగ్గింది, నేర్చుకునేవాడి బరువు తగ్గలేదు. అది మాటల నుంచి మాటల కూర్పుల్లోకి మారింది. తేలిక అనుకున్న మాటే అసలు బరువు మోస్తుందని ఆగ్డెన్ ప్రయోగం తనకు తెలియకుండానే రుజువు చేసింది.

ఇక ‘రన్’ చరిత్ర. నిఘంటువు ఇచ్చే అర్థాలను వరుసగా చదివితే అది ఆ దేశపు సాంఘిక చరిత్రలా ఉంటుంది. మనిషీ గుర్రమూ పరుగెత్తడం ఒకటి. నీరు పారడం, రక్తం కారడం, ముక్కు కారడం ఒకటి. గాలివాలున ఓడ సాగడం, శత్రువుల కాపలా తప్పించుకుని ఓడ రేవులోకి దూసుకుపోవడం సముద్రం మీద బతికిన జాతి చేర్చిన ప్రయోగాలు. యంత్రాలు వచ్చాక మర తిరగడం, రైలు వేళకు నడవడం దానికి తోడయ్యాయి. అమెరికా వెళ్లాక, అక్కడి వ్యాపారమూ రాజకీయమూ దానికి కొత్త పనులు అప్పగించాయి: దుకాణం నడపడం, పదవికి పోటీ చేయడం. ఈ రెండోదానిలో ఒక విశేషం ఉంది. అమెరికన్ ఇంగ్లీషులో అభ్యర్థి ఎన్నికల్లో ‘రన్’ చేస్తాడు, బ్రిటిష్ ఇంగ్లీషులో ‘స్టాండ్’ చేస్తాడు. ఒకచోట పరుగు, ఒకచోట నిలబడటం, పని మాత్రం ఒక్కటే. మనవాళ్లు బ్రిటిష్ వారిలాగే ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అంటారు, ‘బరిలో దిగాడు’ అని కుస్తీ గోదాను కూడా తెస్తారు. పరుగు అన్న భావంలోంచి ఎన్నిక అన్న అర్థం తప్పనిసరిగా పుట్టేదే అయితే అట్లాంటిక్‌కు ఈవలి ఒడ్డున అది నిలబడటం అయ్యేది కాదు. క్రికెట్‌లో పరుగు, ఖాతాదారులంతా ఒక్కసారిగా డబ్బు వెనక్కి తీసుకోవడానికి బ్యాంకు మీద పడటం, మేజోడులో పోగు తెగి చీలిక సాగడం, పత్రిక వార్త వేయడం, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ పనిచేయడం... ఒక్కొక్కటీ ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క వృత్తివారి నోట కుదిరిన సావాసం.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దానికి జవాబు చెప్పక తప్పదు. ‘ఇవన్నీ వేర్వేరు అర్థాలు కావు. అసలు అర్థం ఒక్కటే, కాళ్లతో వేగంగా పోవడం. మిగతావన్నీ దాని మీద అల్లిన లక్షణార్థాలు. అసలుది తెలిస్తే మిగతావి వాటంతట అవే తెలుస్తాయి’ అని ఆక్షేపించేవారు అంటారు. మన ఆలంకారికుల అభిధ (మాట నేరుగా చెప్పే అర్థం), లక్షణ (దాని ఆధారంగా తోచే అర్థం) అనే విభజన కూడా ఈ వాదానికి ఊతమిచ్చేలా కనిపిస్తుంది. రెండు కారణాల వల్ల దీన్ని నేను ఒప్పుకోలేను. మొదటిది చరిత్ర. ‘రన్’కు మూలమైన ప్రాచీన జర్మానిక్ ధాతువులో పరుగుతో పాటు ప్రవాహం కూడా ఉంది. దాని దాయాది అయిన జర్మన్ ‘రిన్నెన్’కు నేడు స్రవించడం, కారడం అనే అర్థమే ఉంది, పరుగెత్తడానికి ‘రెన్నెన్’ అనే వేరే రూపం ఉంది. ఇంగ్లీషులో ఈ రెండు పాయలూ కలిసి ఒకే మాట అయ్యాయి. కాబట్టి నీరు పారడం కాళ్ల పరుగు నుంచి తెచ్చుకున్న ఉపమ అనడానికి వీల్లేదు. ఏది అసలుదో ఏది కొసరో మూలంలోనే తేలలేదు.

రెండో కారణం వాడుక. 1980లలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లేర్ బృందం లక్షలాది మాటల అచ్చు పాఠాలనూ సంభాషణలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో మాట ఏ ఏ మాటల పక్కన వస్తోందో లెక్కించింది. దాని ఫలితంగా 1987లో ‘కోబిల్డ్’ నిఘంటువు వచ్చింది. ఉదాహరణకు, ‘బ్యాక్’ అనే మాటకు చాలా నిఘంటువులు మొదట శరీరంలోని వీపును ఇస్తాయి. అదే అసలు అర్థమని మనకూ అనిపిస్తుంది. లెక్క తీస్తే ఇంగ్లీషువాళ్లు ఆ మాటను అన్నిటికంటే ఎక్కువగా వాడేది ‘తిరిగి, వెనక్కి’ అన్న అర్థంలో, వీపు చాలా వెనకబడి ఉంది. ‘టేక్’ కూడా ఒక వస్తువును చేత్తో తీసుకోవడం కంటే ఇతర మాటలతో కలిసి ఒక చూపు చూడటం, కొంత సమయం పట్టడం వంటి పనులకే ఎక్కువ వస్తుంది. మనసుకు ముందు తట్టే అర్థం వేరు, నోటికి తరచుగా వచ్చే అర్థం వేరు. మొదటిదాన్ని ‘అసలు’ అనడం చూసేవారి అలవాటు, భాష చేసిన ఏర్పాటు కాదు.

సావాసమే అర్థమన్న ఆలోచన నేను కొత్తగా తెచ్చింది కాదు. జె.ఆర్. ఫర్త్ 1950లలో లండన్‌లో ఇదే సూత్రాన్ని నొక్కిచెప్పాడు, సింక్లేర్ ఆ దారిలోనివాడే. అంతకు సుమారు పదిహేను శతాబ్దాల ముందే మన భర్తృహరి వాక్యపదీయంలో, అనేకార్థాలున్న శబ్దానికి ఒకచోట ఒకే అర్థాన్ని నిలబెట్టే కారణాలను వరుసగా పేర్కొన్నాడు: సంసర్గం, వియోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం, పక్కనున్న వేరే శబ్దం, ఔచిత్యం, దేశం, కాలం, స్వరం వగైరా. రామలక్ష్మణులు అంటే అందులోని రాముడు దశరథ పుత్రుడు, రామార్జునులు అంటే కార్తవీర్యార్జునుడికి శత్రువైన పరశురాముడు. భోజనం దగ్గర సైంధవం తెమ్మంటే ఉప్పు, ప్రయాణం దగ్గర తెమ్మంటే గుర్రం. ఈ చర్చ చదువుకున్న మన పండితులకు ‘రన్’ ఏమాత్రం వింత కాదు. అమరకోశంలో నానార్థవర్గం ఉన్నదీ, పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణ భారతాలు రెండూ నడపగలిగిందీ ఈ గుణం మీదే. అయితే ఒక తేడా చెప్పాలి. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం అని జాబితా ఇవ్వడం వేరు, ఒక క్రియ ఏ మాటల పక్కన ఎప్పటి నుంచి ఎలా నడిచిందో ఉదాహరణలతో చూపడం వేరు. మొదటిది మనకు బాగా తెలిసిన విద్య. రెండోది మనం దాదాపు చేయనే లేదు.

సావాసం ఇంత ముఖ్యమైతే, అది తప్పితే ప్రమాదమే కదా అని అడగవచ్చు. నిజమే. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. కారణాలు అనేకం, వాటిలో ఒకటి మాట. ఒక విమానం నుంచి ‘టేకాఫ్‌లో ఉన్నాం’ అన్నట్టుగా వచ్చిన మాటను కంట్రోలర్, టేకాఫ్ కావలసిన చోట ఆగి ఉన్నారని అర్థం చేసుకున్నాడు. వాళ్లు అప్పటికే కదిలిపోయారు. ఆయన ‘ఓకే’ అని, వెంటనే ఆగమని కూడా చెప్పాడు. ఆ రెండో మాట అదే క్షణంలో మరో విమానం చేసిన ప్రసారంతో కలిసిపోయి, కాక్‌పిట్‌లో సరిగా వినపడలేదు. ఆ తర్వాత విమానయానంలో ‘టేకాఫ్’ అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదన్న కట్టుబాటు వచ్చింది. నానార్థాలు ప్రాణం తీస్తాయనడానికి దీన్ని ఉదాహరణగా చూపుతారు. నేను దీన్ని ఇంకోలా చదువుతాను. ఆ రోజు దట్టమైన పొగమంచు, ఎవరికీ ఎవరూ కనబడలేదు. రేడియోలో సగం మాటలే చేరాయి. మాట చుట్టూ ఉండవలసిన సావాసం మొత్తం తెగిపోయిన చోట మాట ఒంటరిదై మోసం చేసింది. అలాంటి చోట్ల ఒక మాటకు ఒకే పని అని కట్టడి చేయడం సరైన పనే, అవసరమైన పనే. ఆ కట్టడి చాలా ఇరుకైన రంగాలకే సాధ్యమవుతుంది. చట్టాన్నే చూడండి. మాటలకు నిర్వచనాలిచ్చి కట్టివేసే రంగం అది. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం నిర్వచనాల సెక్షన్ మొదలుపెడుతూనే, విషయానికి గానీ సందర్భానికి గానీ విరుద్ధం కానంతవరకే ఇవి వర్తిస్తాయని షరతు పెట్టింది. అంతటి చట్టమూ సందర్భానికి తల వంచింది.

మరో ఆక్షేపణ ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అర్థాలు సావాసం నుంచే పుడితే 645 కూడా ఎందుకు, 64 చాలవా, 6,450 కావా? ఈ ప్రశ్న న్యాయమైనది. 1997లో ఆడమ్ కిల్‌గారిఫ్ అనే నిఘంటు శాస్త్రజ్ఞుడు ఒక ప్రసిద్ధ వ్యాసంలో, పదానికి ఇన్ని అర్థాలని ఏ ప్రయోజనంతోనూ నిమిత్తం లేకుండా లెక్కపెట్టలేమని వాదించాడు. బడిపిల్లల నిఘంటువుకు ఒక విభజన, చరిత్ర నిఘంటువుకు ఒక విభజన, అనువాదకుడికి మరొకటి అవసరమవుతాయి. నేను దీనితో ఏకీభవిస్తాను. అంకె మన ప్రయోజనాన్ని బట్టి మారుతుంది. ఆ అంకె కింద ఉన్న ప్రయోగాలు మాత్రం మారవు, అవి ఎవరో ఎక్కడో రాసిన వాక్యాలు, తేదీలతో సహా దొరికేవి. రెండో కూర్పు నాటికే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో 24 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలున్నాయి. దాని నిజమైన సంపద అదే. ఇంగ్లీషు మాట్లాడే దేశాల నుంచి స్వచ్ఛందంగా చదివి చీటీల మీద రాసి పంపిన సామాన్య పాఠకులు దానికి పునాది వేశారు.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. ‘రన్’ చేసే పనులను మనం ఒక్క మాటకు అప్పగించలేదు. మనిషి పరుగెత్తుతాడు, బస్సు నడుస్తుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, ముక్కు కారుతుంది, కాలువ పారుతుంది, మోటారు తిరుగుతుంది, రోడ్డు ఏటి వెంబడి సాగుతుంది, బియ్యం అయిపోతాయి. ఇంగ్లీషు ఒకే మాటతో చెప్పిన చోట తెలుగు ఎనిమిది మాటలతో చెబుతుంది. దీన్ని చూసి తెలుగు స్పష్టమైన భాషనీ ఇంగ్లీషు అస్పష్టమైనదనీ అనుకుంటే పొరపాటు. మన ఇంట్లోనూ ‘రన్’లు ఉన్నాయి. ఇంకో గమ్మత్తు కూడా జరుగుతోంది. ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చేటప్పుడు దాని సావాసాలన్నీ ఒడ్డున వదిలేసి ఒకటి రెండిటితో వస్తుంది. ఇక్కడ కొత్త స్నేహాలు చేసుకుంటుంది. 430 అర్థాల ‘సెట్’ మన దగ్గర సినిమా సెట్టుగా, సెట్ దోసెగా స్థిరపడింది. ఆ పైన ‘ఈ రంగు నీకు సెట్ అవుతుంది’, ‘వాళ్లిద్దరికీ సెట్ కాలేదు’ అనే ప్రయోగాలు మనవాళ్లు పుట్టించినవే. ఇంగ్లీషువాడు ఆ చోట వేరే మాట వాడతాడు. దీన్ని భాష చెడిపోవడంగా కొందరు పెద్దలు బాధపడతారు. ఏ భాషలో పుట్టిన మాట అయినా ఎక్కడ మసలితే అక్కడి పద్ధతి నేర్చుకుంటుంది. అది భాషకు సహజమైన పనేనని నా అభిప్రాయం.

మన ‘రన్’ ఏది అని అడిగితే నేను ‘పడు’ను చూపిస్తాను. పిల్లవాడు నేల మీద పడతాడు, వాన పడుతుంది, చీకటి పడుతుంది. నేరస్థుడికి శిక్ష పడుతుంది, ఆటలో వికెట్ పడుతుంది, పెట్టెలో ఓటు పడుతుంది, పేపర్లో వార్త పడుతుంది. ఇద్దరు మనుషులకు పడదు, ఒకరి ఒంటికి ఒక మందు పడదు. కిలో ఎంత పడిందని అడుగుతాం. బోరు వేస్తే 300 అడుగుల లోతున నీళ్లు పడ్డాయంటాడు రైతు, ఆ నీళ్లు పైకి వచ్చినవే అయినా. బాధపడతాం, భయపడతాం, ఆశపడతాం, కష్టపడతాం. కనపడటం, వినపడటం, బయటపడటం, ముడిపడటం అన్నీ దానివే. గ్రాంథిక వాక్యంలో కర్మణి ప్రయోగాన్ని మోసేదీ అదే. దాని నామరూపం ‘పాటు’ నుంచి ఏర్పాటు, పొరపాటు, తడబాటు, కట్టుబాటు, తిరుగుబాటు వచ్చాయి. సమాజాన్ని బిగించే కట్టుబాటూ దాన్ని ఎదిరించే తిరుగుబాటూ ఒకే ధాతువు బిడ్డలు! ఈ మధ్య ఇంకోటి చేరింది. పింఛను పడిందా, జీతం పడిందా, ఖాతాలో డబ్బులు పడ్డాయా అంటున్నాం. బ్యాంకు ఖాతాలు, ఫోన్‌కు వచ్చే సందేశాలు ఊరూరా చేరాక స్థిరపడిన ప్రయోగం ఇది. ఇది మొదట ఏ ఏడాది, ఎక్కడ అచ్చయిందో చూపగల పుస్తకం మన దగ్గర లేదు. ‘కొట్టు’ కూడా ఇలాంటిదే. ‘మందు కొడుతున్నాడు’ అంటే పొలం గట్టు మీద ఒక అర్థం, సాయంత్రం వేళ ఇంకో అర్థం. వినేవారెవరూ పొరబడరు, ఎందుకంటే దేశమూ కాలమూ భర్తృహరి చెప్పినట్టే తమ పని తాము చేస్తాయి.

తెలుగు తల్లిభాషగా ఉన్న పిల్లలకు ‘పడు’ ఎవరూ నేర్పలేదు. వందల ప్రయోగాలు వింటూ పట్టుకున్నారు. ఆ పిల్లలకే ఇంగ్లీషు నేర్పేటప్పుడు మనం ఈ అనుభవాన్ని పక్కన పెట్టి, ఎడమవైపు మాట, కుడివైపు ఒకే అర్థం ఉన్న పట్టిక చేతిలో పెడుతున్నాం. ‘రన్ – పరుగెత్తు’ అని నేర్చుకున్న పిల్లవాడు పెద్ద తరగతిలో ఆ మాట నది పక్కనా, కంపెనీ పక్కనా కనబడగానే కంగారుపడతాడు. తన చదువే చాలలేదనుకుంటాడు. లోపం పట్టికది. మైకేల్ వెస్ట్ ఢాకాలో బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు బోధన గురించి పరిశోధించి, తర్వాత 1953లో సుమారు 2,000 మాటల జాబితా ప్రచురించాడు. అందులో ఒక్కో మాట ఏ అర్థంలో ఎంత శాతం వస్తుందో కూడా ఇచ్చాడు. మన గడ్డ మీద మొదలైన ఆ ఆలోచన మన పాఠ్యపుస్తకాల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు. 645 ప్రయోగాలు పిల్లలకు నేర్పమని నేననడం లేదు. మాటను ఒంటరిగా నేర్పవద్దనీ, తరచుగా వచ్చే నాలుగైదు సావాసాలతో చిన్న వాక్యాల్లో నేర్పమనీ అడుగుతున్నాను. ఆ వాక్యాల పక్కనే తెలుగు ‘పడు’, ‘కొట్టు’ చూపిస్తే, ఇంగ్లీషులో తనకు వింతగా తోచింది తన భాషలో తనకు ముందే తెలుసునని పిల్లవాడికి అర్థమవుతుంది. ఆ ధైర్యం చిన్నది కాదు.

చివరిగా నిఘంటువు సంగతి. మన పూర్వుల కృషి తక్కువది కాదు. 1852లో బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు పూనికతో మొదలై 1936 నుంచి సంపుటాలుగా వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదకోశం మనకు ఉన్నాయి. వీటిలో కావ్యప్రయోగాలున్నాయి, పలుకుబడులున్నాయి, రైతు మాటలున్నాయి. తేదీల వరసలో ఒక మాట నడక మాత్రం లేదు. ఆరో శతాబ్దం నాటి కలమళ్ల శాసనం మొదలుకొని నేటి దినపత్రిక దాకా పద్నాలుగు వందల ఏళ్ల రాత మన దగ్గర ఉంది. పెద్ద పని, ఎప్పటికి తెములుతుందో అని వెనుదీసేవారికి పుణె దక్కన్ కళాశాలను చూపుతాను. అక్కడ చారిత్రక పద్ధతిలో సంస్కృత నిఘంటువు 1948లో మొదలై, మొదటి భాగం వెలువడటానికి సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. ఆక్స్‌ఫర్డ్ పని 1857లో తలపెట్టి 1928లో పూర్తిచేశారు. మొదటి సంచికకు సంపాదకుడైన జేమ్స్ మరే ముగింపు చూడకుండానే 1915లో కన్నుమూశాడు. అలాంటి పనిని మనం ఒక్కసారిగా మొత్తం నెత్తికెత్తుకోనక్కర్లేదు. పడు, కొట్టు, పెట్టు, వేయు, తీయు, పట్టు, ఆడు, పోవు వంటి ఇరవై ముప్పై క్రియలతో మొదలుపెట్టవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఒక్కో క్రియను ఒక్కో పరిశోధక విద్యార్థికి అప్పగించాలి. శాసనాల నుంచి, కావ్యాల నుంచి, పాత పత్రికల నుంచి, కథల నుంచి తేదీతో సహా వాక్యాలు ఏరించాలి. అవి అందరికీ ఉచితంగా దొరికేలా ఒకచోట ఉంచాలి. ఈ రాష్ట్రాల బయటా దేశం బయటా ఉన్న తెలుగు పాఠకులు తాము చదివే పుస్తకాల నుంచి వాక్యాలు పంపగలరు, ఆక్స్‌ఫర్డ్‌కు నాడు చీటీలు పంపింది అలాంటి పాఠకులే. ఈ సభలో విశ్వవిద్యాలయ ఆచార్యులున్నారు, ప్రచురణకర్తలున్నారు, దాతలున్నారు. వచ్చే సంవత్సరం ఇదే సభ జరిగేలోగా ‘పడు’ ఒక్కదానికైనా పని మొదలుపెట్టించమని మీ అందరినీ కోరుతున్నాను.